ఐదు మ్యాచ్‌లు, పద్దెనిమిది రోజులు: న్యూజిలాండ్‌లో ఐర్లాండ్ జట్టు వెంట

2022 జూన్ 28, మంగళవారం, ఆక్లాండ్

మా బావమరిది తెల్లవారుజామున దిగాడు. డబ్లిన్ నుంచి ఇక్కడికి ఒకటిన్నర రోజు ప్రయాణం. కోవిడ్ మొదలైనప్పుడు మూసేసిన న్యూజిలాండ్ సరిహద్దుల్ని, వీసా అక్కర్లేని దేశాలవాళ్ళకి ఈ మే నెలలోనే తెరిచారు. వాడికి ఐర్లాండ్ పౌరసత్వం ఉంది కాబట్టి ఇప్పుడు రాగలిగాడు. తమ్ముణ్ణి చూసి మూడేళ్ళయింది మా ఆవిడ. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఏడ్చేసింది. బూట్లకి మట్టేమైనా అంటుకుందేమోనని అధికారులు అడుగు తిప్పి చూశారట, అందుకే బయటికి రావడం ఆలస్యమైంది. ఇక్కడ జూన్, జూలై అంటే నడి చలికాలం. వాడు మాత్రం ఒంటిమీద ఆకుపచ్చ జెర్సీతో, పైన కోటు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు.

వాడు అక్క కోసం వచ్చాడు, ఐర్లాండ్ రగ్బీ జట్టు కోసమూ వచ్చాడు. ఈ జట్టు మూడు వారాలు ఇక్కడే ఉండి ఐదు మ్యాచ్‌లు ఆడుతుంది. శనివారం శనివారం ఆల్ బ్లాక్స్‌తో, అంటే నల్ల జెర్సీల న్యూజిలాండ్ జాతీయ జట్టుతో, మూడు టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య జరిగే మ్యాచ్‌ని టెస్ట్ అంటారు). వారం మధ్యలో మావోరీ ఆల్ బ్లాక్స్‌తో, అంటే ఈ దేశపు మూలవాసులైన మావోరీ ఆటగాళ్ళ జట్టుతో, రెండు మ్యాచ్‌లు. మొత్తం 40 మంది ఆటగాళ్ళు వచ్చారు. ఒకప్పుడు మన క్రికెట్ జట్టు ఇంగ్లండ్ వెళ్తే కౌంటీలతో ఆడుకుంటూ నెలల తరబడి అక్కడే ఉండేది కదా, అలాంటి పాతకాలపు పర్యటన ఇది. రగ్బీలో కూడా ఇప్పుడు ఇలాంటివి తగ్గిపోయాయి. కోచ్ ఆండీ ఫారెల్ ఈ వారం మధ్య మ్యాచ్‌ల్ని కావాలనే పెట్టించుకున్నాడు. కుర్రాళ్ళు సొంత ఊరికి దూరంగా కష్టంలో పడితేనే రాటుదేలుతారన్నది ఆయన ఆలోచన.

నేను ఆక్లాండ్ వచ్చి తొమ్మిదేళ్ళు. నా బీరువాలో ఉన్నది నల్ల జెర్సీ. ఐర్లాండ్ 1905 నుంచి న్యూజిలాండ్‌తో ఆడుతోంది. మొదటిసారి గెలవడానికి 2016 దాకా పట్టింది, అదీ అమెరికాలో, షికాగోలో. తర్వాత డబ్లిన్‌లో రెండుసార్లు గెలిచింది. న్యూజిలాండ్ గడ్డ మీద మాత్రం ఇప్పటిదాకా ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఈసారి గెలుస్తాం బావా" అన్నాడు కారులో. నేను రోడ్డు చూసుకుంటూ ఊరుకున్నాను.

జూన్ 29, బుధవారం, హామిల్టన్

ఆఫీసుకి మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి బయలుదేరాం. ఆక్లాండ్ దాటగానే దక్షిణాన బాంబే అనే ఊరొస్తుంది. వలసవాళ్ళని తెచ్చిన ఓడ పేరు అది, అదే ఊరికీ పెట్టారు. ఆ బోర్డు ముందు ఫోటో తీయించుకుని వాళ్ళమ్మకి పంపాడు. అక్కణ్ణుంచి వర్షం. వైకాటో నది పక్కన దారంతా బూడిద రంగులో ఉంది.

హామిల్టన్ స్టేడియం అంటే ఐరిష్ వాళ్ళకి ఓ పుండు. 2012 జూన్‌లో ఇదే మైదానంలో 60-0తో ఓడిపోయారు. అంతకు వారం ముందే క్రైస్ట్‌చర్చ్‌లో ఆఖరి నిమిషాల్లో డాన్ కార్టర్ కొట్టిన డ్రాప్ గోల్‌తో (ఆట నడుస్తుండగానే బంతిని నేలకి తాకించి కర్రల మధ్యకి తన్నడం) 22-19 దగ్గర చేజారిన జట్టు, వారం తిరిగేసరికి ఒక్క పాయింటు కూడా లేకుండా పోయింది. ఆ పర్యటనలో ఉన్న సెక్స్‌టన్, హీలీ, ఎర్ల్స్, మర్రే, ఓమాహనీ ఈ పర్యటనలోనూ ఉన్నారు.

రగ్బీ తెలియనివాళ్ళకి రెండు మాటలు. జట్టుకి 15 మంది. బంతి చేత్తో పట్టుకుని ముందుకి పరిగెత్తొచ్చు, కానీ చేత్తో ఇవ్వాలంటే పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. అవతలివాళ్ళ గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్యనుంచి తన్నితే ఇంకో 2. పెనాల్టీకి 3. ఆపాలంటే కబడ్డీలోలాగే పట్టు పట్టాలి, కాకపోతే ఇక్కడ మనిషి పూర్తి వేగంతో మీదికొస్తాడు.

ఈ రాత్రి మ్యాచ్‌కంటే ముందు జరిగిందే నాకు ఎక్కువ గుర్తుండిపోతుంది. కిందటేడు అక్టోబరులో షాన్ వైనుయి అనే మావోరీ ఆల్ బ్లాక్స్ ఆటగాడు కారు ప్రమాదంలో పోయాడు. ఇవాళ జట్టు హాకాకి, అంటే మ్యాచ్‌కి ముందు చేసే మావోరీ నృత్యానికి, నిలబడినప్పుడు అతని పసిబిడ్డ కూడా వాళ్ళ మధ్య ఉన్నాడు. చుట్టూ పర్వతాల్లాంటి మనుషులు. వాళ్ళు తొడలు చరుస్తుంటే వాడూ చరుస్తున్నాడు. మా వరుసలో ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఐదు రోజుల కిందే, జూన్ 24న, ఈ దేశం మొట్టమొదటిసారి మతారికిని జాతీయ సెలవుదినంగా జరుపుకుంది. మతారికి అంటే మన కృత్తికలే. చలికాలంలో తెల్లవారుజామున ఆ చుక్కలు మళ్ళీ కనబడినప్పుడు, ఆ ఏడాది పోయినవాళ్ళని తలుచుకుని కొత్త సంవత్సరం మొదలుపెడతారు. ఆ పిల్లాణ్ణి చూశాక ఆ పండగ అర్థం నాకు ఇంకొంచెం తెలిసింది.

మ్యాచ్ సగానికి మావోరీలు 32-10. బండీ అకీ కెప్టెన్‌గా ఉన్న ఐర్లాండ్ రెండో జట్టు వానలో బంతి జార్చుకుంటూ తల్లడిల్లింది. కియన్ హీలీని బండి మీద బయటికి తీసుకెళ్ళారు. చివరికి 32-17. తిరుగు ప్రయాణంలో మా బావమరిది చాలాసేపటి తర్వాత ఓ మాటన్నాడు: "రెండో సగంలో వాళ్ళకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు బావా, చూశావా?" నిజమే. నేను గమనించలేదు.

జూలై 2, శనివారం, ఆక్లాండ్

మేముండేది శాండ్రింగ్‌హామ్. ఇండియన్ కిరాణా కొట్లు, దోసె హోటళ్ళు, మిఠాయి కొట్లు వరసగా ఉండే వీధి. అక్కణ్ణుంచి ఈడెన్ పార్క్‌కి నడిచే వెళ్ళొచ్చు. దోసెలు తిని బయలుదేరాం. నల్ల జెర్సీల మధ్య వాడి ఆకుపచ్చ జెర్సీ దూరం నుంచే తెలుస్తోంది. ఎదురొచ్చినవాళ్ళంతా నవ్వుతూ పలకరించారు.

స్టేడియం బయట ఓ కంచు విగ్రహం ఉంది. డేవ్ గాలహర్, 1905లో బ్రిటన్, ఐర్లాండ్ వెళ్ళిన మొట్టమొదటి ఆల్ బ్లాక్స్ కెప్టెన్. ఆ విగ్రహం పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో. మా బావమరిది దాని ముందు ఆగిపోయాడు. గాలహర్ పుట్టింది ఐర్లాండ్‌లో, డోనెగాల్‌లోని రామెల్టన్‌లోనట. చిన్నప్పుడు కుటుంబంతో ఓడెక్కి ఇక్కడికొచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో బెల్జియంలో చనిపోయాడు. డోనెగాల్‌లో ఇప్పటికీ ఓ రగ్బీ మైదానానికి ఆయన పేరుంది.

"ఆల్ బ్లాక్స్‌కి మొదటి పేరు తెచ్చినవాడు మావాడు బావా."

"మరి మీ జట్టులో అకీ, కార్బెరీ పుట్టింది ఈ ఊళ్ళో. జేమ్స్ లో, గిబ్సన్ పార్క్ పుట్టిందీ ఈ దేశంలోనే" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "వాళ్ళూ మావాళ్ళే" అన్నాడు. కాదని నేనెలా అనగలను? తెనాలిలో పుట్టి ఐర్లాండ్ జట్టు కోసం భూగోళం చుట్టి వచ్చినవాడు చెబుతున్న మాట అది. తెనాలిలోనే పెళ్ళి చేసుకుని ఇక్కడ నల్ల జెర్సీ తొడుక్కున్నవాణ్ణి నేను.

ఈడెన్ పార్క్‌లో ఆల్ బ్లాక్స్ 1994 తర్వాత ఓడిపోలేదు. ఇవాళ మొదటి ట్రై మాత్రం ఐర్లాండ్‌దే. ఆరో నిమిషంలో కీత్ ఎర్ల్స్ మూలలో వాలాడు. మావాడు కుర్చీ ఎక్కినంత పని చేశాడు. ఆ తర్వాత పావుగంటలో ఆట తిరగబడింది. ఐరిష్ వాళ్ళు దాడి చేస్తూ బంతి జారిస్తే సెవు రీస్ దాన్ని అందుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. సగానికి 28-5. ఐర్లాండ్ కెప్టెన్ జానీ సెక్స్‌టన్ తలకి దెబ్బ తగిలి బయటికెళ్ళి మళ్ళీ రాలేదు. చివరికి 42-19. ఆల్ బ్లాక్స్ కోచ్ ఇయన్ ఫాస్టర్‌కి కోవిడ్ రావడంతో ఈ వారం జట్టుకి సాయం చేసినవాడు జో ష్మిట్. అదే ష్మిట్ ఆరేళ్ళపాటు ఐర్లాండ్ కోచ్. ఈ రెండు దేశాల మధ్య మనుషులు ఇటూ అటూ ఇలా నడుస్తూనే ఉంటారు.

ఒక్క మాట చెప్పాలి. బుధవారం బండి మీద వెళ్ళిన హీలీ పేరు ఇవాళ రిజర్వుల్లో ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. అది చూసినప్పుడు ఈ జట్టు గురించి నా మనసులో ఏదో కొంచెం కదిలింది.

ఇంటికి నడుస్తుంటే మా అత్తయ్యగారి ఫోన్. తెనాలిలో మధ్యాహ్నం రెండున్నర.

"ఏం నాన్నా, మనవాళ్ళు గెలిచారా?"

"లేదమ్మా, ఓడిపోయాం."

పక్కనుంచి నేను, "గెలిచామండీ అత్తయ్యగారూ" అన్నాను.

"అదేంట్రా, ఇద్దరూ ఒకే ఆటకి వెళ్ళారన్నారుగా!"

జూలై 8, శుక్రవారం, డునెడిన్

నడుమ రోజుల్లో అక్కాతమ్ముళ్ళు రోటోరువా వెళ్ళొచ్చారు, నేను ఆఫీసు పని చక్కబెట్టుకున్నాను. ఈ సాయంత్రం దక్షిణ దీవి చివర్లో ఉన్న డునెడిన్‌లో దిగాం. స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు 1848లో కట్టుకున్న ఊరు. పేరు కూడా ఎడిన్‌బరోకి వాళ్ళ భాషలో ఉన్న పేరే. ఊరి నడిబొడ్డున ఓ కవి విగ్రహం, చుట్టూ రాతి చర్చిలు, విద్యార్థులతో నిండిన వీధులు. చలి ఎముకల్లోకి దిగింది. చీజ్ రోల్ అని ఇక్కడివాళ్ళు ఇష్టంగా తినేది ఒకటుంది. బ్రెడ్డు ముక్క మీద జున్ను, ఉల్లి కలిపిన ముద్ద రాసి, చుట్టి, కాల్చి, పైన వెన్న పూస్తారు. చేతులు వేడి చేసుకుంటూ నాలుగు తిన్నాం.

జూలై 9, శనివారం, డునెడిన్

ఈ రోజు గురించి తీరిగ్గా రాయాలని ఉంది.

ఫోర్సిత్ బార్ స్టేడియానికి పైకప్పు ఉంది. గాజులా కనిపించే పారదర్శకమైన కప్పు, కింద నిజమైన గడ్డి. పెద్ద గాజు ఇంట్లో గడ్డి పెంచినట్టు. వాన పడదు, గాలి తగలదు, శబ్దం బయటికి పోదు. పాతిక వేలమందికి పైగా అరుస్తుంటే అది మన తలమీదే తిరుగుతుంది.

మాకు కింది వరుసల్లో సీట్లు దొరికాయి. స్క్రమ్‌ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, మెడలు మెడల్లో దూర్చి వంగుతారు. రెఫరీ "క్రౌచ్... బైండ్... సెట్" అంటాడు. ఆ మూడో మాటకి రెండు వైపులా కలిపి దాదాపు 1,800 కిలోల బరువు ఒక్కసారి ఢీకొంటుంది. టీవీలో అది తోపులాటలా కనిపిస్తుంది. ఇక్కడ మొదట చప్పుడు వినిపించింది, తడిసిన బియ్యం బస్తా లారీ మీంచి నేల మీద పడ్డట్టు. తర్వాత వాళ్ళ వీపుల మీంచి ఆవిరి లేచింది. ముందు వరుసలో ఉన్న ఆండ్రూ పోర్టర్ బూటు గడ్డిలో దిగబడి, పిక్క వణుకుతూ, ఒక్క అంగుళం వెనక్కి జరగకుండా ఆగింది. అరచేతి మందాన గడ్డి పెళ్ళ లేచి వచ్చింది. అంత బరువు మోసే మనిషి మళ్ళీ లేచి పరిగెత్తుతాడు. ఇవాళ రెండు ట్రైలు కొట్టినవాడు కూడా ఈ పోర్టరే.

మొదటి ట్రై మూడో నిమిషంలోనే. మా వెనకాల ఉన్న ఐరిష్ జంట లేచి మా బావమరిదిని కౌగిలించుకున్నారు. వాళ్ళు బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చారు. బెల్‌ఫాస్ట్ బ్రిటన్ కింద ఉంది, డబ్లిన్ స్వతంత్ర దేశంలో ఉంది. రగ్బీలో మాత్రం దీవి మొత్తానికి ఒకటే జట్టు, ఒకటే జెర్సీ. దేశం రెండయిన కొత్తలో, ఆ తర్వాత నెత్తురు పారిన రోజుల్లో కూడా ఆ జట్టుని విడదీయలేదు. మావాడు ఈ జట్టుని ప్రేమించడానికి అది కూడా ఒక కారణమని ఇవాళే చెప్పాడు.

ముప్ఫై ఒకటో నిమిషంలో ఆంగస్ టావావో, గ్యారీ రింగ్‌రోజ్‌ల తలలు ఢీకొన్నాయి. పెద్ద తెర మీద మళ్ళీ మళ్ళీ చూపించారు. రెడ్ కార్డ్. చుట్టూ మావాళ్ళు గోల చేశారు. టావావోకి కొట్టాలన్న ఉద్దేశం లేదు, ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. అయినా అది రెడ్ కార్డే అని నేను నమ్ముతున్నాను. తలకి దెబ్బలు తగిలిన ఆటగాళ్ళు తర్వాత ఏమైపోతున్నారో ఇప్పుడు అందరికీ తెలుసు. నిటారుగా నిలబడి పట్టుకుంటే తల తలకి తగులుతుంది, వంగి పట్టుకోవాల్సిన బాధ్యత పట్టేవాడిదే. రెడ్ కార్డ్ పడ్డవాడు ఇక ఆడకూడదు, ఎల్లో అయితే పది నిమిషాలు బయట ఉండాలి. అప్పటికే ఒక ఎల్లో కార్డ్ కూడా నడుస్తుండడంతో ఓ దశలో ఆల్ బ్లాక్స్ 13 మందితో ఆడారు. అంతమందితోనే పోరాడి, సగం ముగిసేముందు బోడెన్ బారెట్ ట్రైతో 10-7కి తెచ్చారు.

ఆ విరామంలో మావాడికి టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. అవతల 13 మంది ఉన్నప్పుడు కూడా దూరం జరగలేకపోయాం, ఇంక పోయినట్టే అన్నాడు. రెండో సగంలో ఐర్లాండ్ తొందరపడలేదు. పోర్టర్ రెండో ట్రై. ఆ పైన సెక్స్‌టన్ పెనాల్టీ తర్వాత పెనాల్టీ. 23-7. చివర్లో విల్ జోర్డన్ ఒక ట్రై కొట్టాడు. 23-12.

ఆఖరి విజిల్‌కి ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తోచలేదు. 1976లో మొదటిసారి టెస్ట్ ఆడటానికి వచ్చినప్పటి నుంచి ఈ దేశంలో వాళ్ళకి ఇదే మొదటి గెలుపు. సెక్స్‌టన్ చేతులెత్తి ఆకాశంకేసి చూశాడు. నా పక్కన నల్ల జెర్సీ వేసుకున్న పెద్దాయన లేచి, టోపీ తీసి, మా బావమరిదికి చెయ్యందించాడు. నాకూ అందించబోయి, నా జెర్సీ చూసి భుజం తట్టాడు.

బాధ లేదా అంటే ఉంది. నాకు ఇష్టమైన జట్టు నా కళ్ళముందే ఓడిపోయింది. అయినా ఆ రాత్రి నేను సంతోషంగానే పడుకున్నాను.

జూలై 10, ఆదివారం, క్రైస్ట్‌చర్చ్

అద్దె కారులో ఉత్తరానికి. మోయెరాకి దగ్గర సముద్రపు ఒడ్డున మనిషెత్తు గుండ్రటి రాళ్ళు, పెద్ద పెద్ద లడ్డూల్లా. రకాయా నది మీద దేశంలోకెల్లా పొడవైన రోడ్డు వంతెన. కుడి చేతివైపు సముద్రం, ఎడమ చేతివైపు మంచుకొండలు, నడుమ గొర్రెల మందలు.

సాయంత్రానికి క్రైస్ట్‌చర్చ్. 2011 ఫిబ్రవరి భూకంపంలో 185 మంది చనిపోయారు ఇక్కడ. పాత లాంకాస్టర్ పార్క్ స్టేడియం దెబ్బతిని, తర్వాత కూల్చేశారు. ఆ చోటు చూడాలన్నాడు మావాడు. వెళ్ళాం. యుద్ధంలో పోయిన క్రీడాకారుల గుర్తుగా కట్టిన పాత ద్వారం ఒకటి మిగిలి ఉంది. దాని వెనక ఖాళీ పచ్చిక.

జూలై 11, సోమవారం, ఓడ మీద

కైకౌరా మీదుగా పిక్టన్ చేరి, కారు అప్పగించి ఓడెక్కాం. మూడున్నర గంటల ప్రయాణం. మొదటి గంట కొండల మధ్య నీళ్ళు కదలవు. కుక్ జలసంధిలోకి రాగానే గ్లాసులు దొర్లాయి. సముద్రం పడని నాకు కిటికీ పక్కన కూర్చోవడం తప్ప ఏమీ చేతకాలేదు. నిమ్మకాయ బిళ్ళలిచ్చి, వెల్లింగ్టన్ దీపాలు కనిపించేదాకా మావాడు నా పక్కనే ఉన్నాడు.

జూలై 12, మంగళవారం, వెల్లింగ్టన్

వాన, గాలి. గొడుగు తెరిచినవాళ్ళ గొడుగు తిరగబడింది. పొద్దున టె పాపా మ్యూజియంలో గడిపాం. బయటి వాన చూస్తూ మావాడికి 1888 నాటి కథ చెప్పాను. మొట్టమొదట నల్ల జెర్సీ మీద వెండి ఆకు వేసుకుని విదేశం వెళ్ళిన న్యూజిలాండ్ జట్టులో ఎక్కువమంది మావోరీలే. ఏడాదికి పైగా తిరిగి 107 రగ్బీ మ్యాచ్‌లు ఆడారు. డబ్లిన్ వెళ్ళి ఐర్లాండ్‌నీ ఓడించారు. మనం మూడు వారాల పర్యటననే కష్టం అనుకుంటున్నాం. వాళ్ళు ఓడల్లో, రైళ్ళలో, వారానికి రెండు మూడు మ్యాచ్‌లు ఆడుతూ, దెబ్బ తగిలినా ఆడుతూ తిరిగారు.

రాత్రి మ్యాచ్‌కి ఐర్లాండ్ రెండో జట్టే మళ్ళీ. దెబ్బలవల్ల మనుషులు తగ్గిపోయి, వాళ్ళ పాత ఆటగాడు మైకల్ బెంట్‌ని పిలిపించుకున్నారు. టరనాకిలో పుట్టి, ఐర్లాండ్‌కి ఆడి, తిరిగి స్వదేశం చేరిన మనిషి. ఇంటి దగ్గరున్నవాడికి ఆకుపచ్చ జెర్సీ మళ్ళీ వెతుక్కుంటూ వచ్చింది.

హామిల్టన్‌లో బంతి జార్చుకున్న ఆ కుర్రాళ్ళేనా అనిపించింది. తడి బంతిని రొమ్ముకి హత్తుకుని ఆడారు. మావోరీలు దగ్గరకొచ్చిన ప్రతిసారీ గట్టిగా నిలబడ్డారు. 30-24తో ఐర్లాండ్ గెలిచింది. కెప్టెన్ కీత్ ఎర్ల్స్. 2012 నాటి 60-0 చూసినవాడు. ఫారెల్ ఈ వారం మధ్య మ్యాచ్‌లు ఎందుకడిగాడో ఈ రాత్రి నాకు పూర్తిగా అర్థమైంది. పెద్ద జట్టులో ఎవరికి దెబ్బ తగిలినా, ఆ స్థానంలోకి వచ్చేవాడు ఈ దేశపు వాన, ఈ దేశపు హాకా, ఈ దేశపు ఓటమి అప్పటికే చూసి ఉంటాడు.

జూలై 13 నుంచి 15 దాకా

ఎర్ర కేబుల్ కారు ఎక్కాం, క్యూబా వీధిలో తిరిగాం, ఓ ఇండియన్ హోటల్లో బిర్యానీ తిన్నాం. మిగతా టైమంతా శనివారం గురించే.

జూలై 16, శనివారం, వెల్లింగ్టన్

రైల్వే స్టేషన్ నుంచి స్టేడియం దాకా నడక వంతెన ఉంది. కింద రైలు పట్టాలు, పక్కన రేవు. స్టేడియాన్ని ఇక్కడివాళ్ళు కేక్ టిన్ అంటారు, నిజంగానే గుండ్రటి రేకు డబ్బాలా ఉంటుంది. వంతెన మీద నల్ల గుంపు ఎవరి ఆలోచనల్లో వాళ్ళు నడుస్తోంది. స్వదేశంలో ఆల్ బ్లాక్స్ సిరీస్ ఓడిపోయింది చివరిసారి 1994లో, ఫ్రాన్స్ చేతిలో.

నాలుగో నిమిషంలో లైనౌట్ నుంచి, అంటే పక్క గీత దాటిన బంతిని రెండు వరుసల మధ్యకి విసిరే చోటు నుంచి, ఆకుపచ్చ ముద్ద ఒకటి కదిలింది. ఎనిమిది మంది ఒక్క జంతువులా నెట్టుకుంటూ వచ్చి, లోపల్నుంచి జాష్ వాన్ డర్ ఫ్లియర్ బంతితో నేలకి ఆనాడు. తర్వాత హ్యూగో కీనన్. తర్వాత రాబీ హెన్షా. సగానికి 22-3. వెల్లింగ్టన్ గాలి చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం.

రెండో సగంలో మావాళ్ళు మేలుకున్నారు. ఆర్డీ సవేయా ట్రై కొట్టాడు. పోర్టర్ తల బ్రోడీ రెటాలిక్ ముఖానికి తగిలింది. ఎల్లో కార్డ్ మాత్రమే ఇచ్చారు. డునెడిన్‌లో అది రెడ్ అయితే ఇది ఎందుకు కాదని మా చుట్టూ అందరూ లేచారు. పోర్టర్ తనే ముందుకి దూకలేదు, ఎదురొచ్చిన మనిషిని నిలబడి కాచుకున్నాడు, అందుకే ఎల్లో అన్నది రెఫరీ వాదన. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇప్పటికీ కాదు. రెటాలిక్ చెంప ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. అకీరా ఇయోవానే ట్రై. విల్ జోర్డన్ మైదానం సగం పైన ఒంటరిగా పరిగెత్తి ఇంకొకటి. 25-22. నేను లేచి నిలబడి గొంతు పోయేలా అరిచాను. నా పక్కన మా బావమరిది కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నేలకేసి చూస్తున్నాడు.

ఈడెన్ పార్క్‌లో అయితే ఈ పావుగంటలో ఐర్లాండ్ కూలిపోయింది. ఇవాళ కూలలేదు. మళ్ళీ మూలకి తన్నారు, మళ్ళీ లైనౌట్, మళ్ళీ అదే ముద్ద. రాబ్ హెరింగ్ వాలాడు. 32-22. అక్కణ్ణుంచి విజిల్ దాకా ఆల్ బ్లాక్స్ వస్తూనే ఉన్నారు, ఆకుపచ్చ చేతులు పట్టుకుంటూనే ఉన్నాయి.

విజిల్ పడ్డాక పీటర్ ఓమాహనీ మైదానం మధ్యలో ఏడ్చాడు. ముప్ఫై రెండేళ్ళ గట్టి మనిషి, ముఖం దాచుకోలేదు. పదేళ్ళ కింద ఇదే దేశంలో ఓ కుర్రాడుగా ఓడిపోయి వెళ్ళినవాడు. అది తెర మీద చూపించినప్పుడు నల్ల జెర్సీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వంతెన మీదికొచ్చేసరికి మా అత్తయ్యగారి ఫోన్. మావాడు ఎత్తాడు కానీ మాట పెగల్లేదు. ఫోన్ నా చేతిలో పెట్టి రెయిలింగ్ పట్టుకున్నాడు.

"అల్లుడుగారూ, వీడు మాట్లాడడేంటి? మనవాళ్ళు ఓడిపోయారా ఏంటి?"

"లేదండీ అత్తయ్యగారూ. మనవాళ్ళు గెలిచారు."

జూలై 17, ఆదివారం

మధ్యాహ్నం విమానం. ఈ గెలుపుతో ఐర్లాండ్ ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి స్థానానికి వెళ్తుందని మావాడు ఫోన్‌లో చూసి చెప్పాడు. గాలి తగ్గింది, ఆకాశం తేటగా ఉంది. ఎడమవైపు కిటికీలోంచి మబ్బుల పైన ఒంటరిగా ఓ మంచుకొండ కనిపించింది.

"అదేంటి బావా?"

"టరనాకి. మైకల్ బెంట్‌ది ఆ ప్రాంతమే."

వాడు కిటికీకి ముఖం ఆనించి, ఆ కొండ వెనక్కి జరిగిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు.